మా మరిది తియ్యలేకపోయిన మొహం

మా మరిది పోయాడన్న కబురు సంత్రాగాఛి బజారులో వంకాయలు ఏరుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది అతనితో పాటు రైలు పెట్టెల షెడ్డులో పనిచేసే బెంగాలీ అబ్బాయి. ఆ షెడ్డులో అందరూ నన్ను బౌదీ అంటారు, అంటే వదిన. మా మరిది ఒక్కడికే వదిననైతే చాలదన్నట్టు. "బౌదీ, దాదా టీ తాగుతూ పడిపోయాడు, మీరు రండి" అన్నాడు. వాళ్ళకి దాదా అంటే అన్న, మా మరిదే. ఏ ఆసుపత్రికి రావాలి అని అడిగాను. ఆ అబ్బాయి పేరు చెప్పకుండా ఏడవడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. జీవితమంతా ఒక్కచోట కాలు నిలపని మనిషి, అన్నం కూడా నిలబడి తిన్న మనిషి, ఒక్క రోజు బల్ల మీద కుదురుగా కూర్చుని టీ తాగితే ఆ రోజే పోవాలా?

ఆ కోపం ఇంకా తగ్గలేదు. అందుకే ఇది రాయడానికి కూర్చుంటున్నాను, లేస్తున్నాను. ఆదివారం బడి పిల్లలకి నాటికలు రాసివ్వడం తప్ప నాకు రాత అలవాటు లేదు. అయినా రాస్తాను. ఎందుకంటే ఈ పత్రిక చదివే హౌరా తెలుగువాళ్ళలో చాలామంది మా మరిది తీసిన వీడియోల్లో ఎక్కడో ఒకచోట ఉన్నారు. మీ పెళ్ళిలో, మీ బాబు బాప్తిస్మంలో, మీ అమ్మగారి సమాధి దగ్గర. అతను సినిమాలు కూడా తీశాడని మాత్రం కొందరికే తెలుసు. తెలిసినవాళ్ళు నవ్వుకున్నారు. ఆ నవ్వడంలో నాదే ముందు వరస లెండి.

మనవాళ్ళలో ఒక పద్ధతుంది కదా. ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే పెట్టె మూత వేసే ముందు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఫొటో, వీడియో తీయించుకుంటాం. శ్రీకాకుళం నుంచి రావాల్సిన చుట్టాలకి రైలు అందదు గనక, వాళ్ళ కోసం. మా సంఘంలో ఆ పని ఎప్పుడూ మా మరిదిదే. ఎవరినీ పైసా అడగలేదు. పొడుగువాళ్ళని వెనక్కి పంపేవాడు, పెట్టె మీది పూలు మొహానికి అడ్డం వస్తే వంగి మెల్లిగా సర్దేవాడు. "అటు కాదు పెద్దమ్మా, ఆయన్ని సూడు, నన్ను సూడకు" అనేవాడు. ఒకసారి ఒక పెద్దావిడ ఇంటికొచ్చి గొడవ పెట్టింది. "మా ముసలోడిని తియ్యరా అంటే గుమ్మంలో సెప్పులు తీసినాడేటమ్మా నీ మరిది!" అని. అతను తల గోక్కుని, "అందరూ తొడుక్కుని ఎల్లిపోతారు కదా పెద్దమ్మా. తాత జోళ్ళు మాత్రం ఉండిపోతాయి. అవి తీసినాను" అన్నాడు. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత ఆ వీడియో ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు వినండి. మా మరిది పెట్టె మా క్వార్టర్ల ముందు షామియానా కింద పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. అందరూ వాళ్ళంతట వాళ్ళే లేచి వరసలు కట్టారు. పొడుగువాళ్ళు వెనక్కి, ఆడవాళ్ళు ముందుకి, పూలు పక్కకి. అతను నేర్పిన పద్ధతే. సర్దుకుని, కొంగులు దిద్దుకుని, అందరం ఒకేవైపు చూస్తూ నిలబడ్డాం. నిలబడే ఉన్నాం. అటువైపు ఎవరూ లేరు. కానివ్వండి అని చెప్పేవాడు పెట్టెలో ఉన్నాడని మాకెవరికీ తట్టలేదు.

ముందు పాస్టరుగారికి తెలిసింది. ఆయన మొహం మారింది. తర్వాత ఒక్కొక్కరికీ తెలిసింది. అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. ఎవరి చెయ్యీ జేబులోకి పోలేదు. వరసలోంచి కదిలి ఎదురుగా వెళ్ళి ఆ స్థానంలో నిలబడడానికి ఎవరికీ మనసు రాలేదు. చివరికి వెనకనుంచి ఎవరో పాట ఎత్తుకున్నారు, మూత వేసేశారు. అలా మా మరిదికి పెట్టె ఫొటో లేకుండా పోయింది. వాళ్ళ నాన్నకీ లేదు.

అసలు కథంతా వాళ్ళ నాన్న దగ్గరే ఉంది. మా మావగారు షాలిమార్ గూడ్సు యార్డులో బస్తాలు మోసేవారు. శ్రీకాకుళం దగ్గర సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన మనిషి. మా ఆయనకి ఊహ తెలిసిన వయసులో, మా మరిది ఇంకా పాకుతున్న రోజుల్లో, జ్వరమొచ్చి పోయారు. హౌరాలో ఒక స్టూడియో అతనికి కబురు పెట్టారట, ఫొటో తీయడానికి. ఒకటే వాన. వస్తాడు వస్తాడని పెట్టె మూత తీసే ఉంచారు. రాలేదు. ఇంక ఉంచడానికి లేక తీసుకుపోయారు. పెళ్ళి ఫొటో లేదు, పని కార్డు లేదు. మావగారి మొహం ఈ లోకంలో ఎక్కడా లేదు, మా ఆయన మెడ మీద తప్ప. మా ఆయన అచ్చు వాళ్ళ నాన్నే అని పాతవాళ్ళందరూ అంటారు.

నేను కాపురానికి వచ్చేసరికి మా మరిది కాలేజీలో చదువుతున్నాడు. మా ఆయన బడి మానేసి యార్డులో పనికెళ్ళి తమ్ముణ్ణి చదివించారు. షెడ్డులో ఉద్యోగం రాగానే మరిది మొదట కొన్నది ఒక పాత వీడియో కెమెరా. కలకత్తా చాందినీ బజారులో దొరికింది, ఎవరో వాడి పారేసింది. దానికోసం పెట్టె, తాళం. పెళ్ళి చెయ్యాలని మేం సంబంధాలు చూస్తుంటే, "వదినా, ఒకపాలి ఇలా రా, ఎలుగు పోతంది" అని నన్ను పెరట్లోకి లాక్కుపోయేవాడు. పెళ్ళి చేసుకోలేదు. కెమెరాకే తాళి కట్టేశావా మరిదీ అంటే, "ఇదైతే సంబంధాలు సూడదు వదినా" అనేవాడు.

ఎలుగు పోతంది. వెలుతురు పోతోందని. అతని నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. డ్యూటీ దిగి, బూట్లు విప్పకుండానే టిఫిను డబ్బా నా చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని మళ్ళీ గుమ్మం దాటేవాడు. తలుపుకి ఆనుకుని ఒక చేత్తో అన్నం తింటూ రెండో చేత్తో బ్యాటరీ మారుస్తుండేవాడు. కూర్చుంటే మోకాలు ఆడుతూనే ఉండేది. సెలవు రోజుల్లో హౌరా ఘాటులో లాంచీ ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళేవాడు, దిగకుండా అదే లాంచీలో తిరిగొచ్చేవాడు, మళ్ళీ వెళ్ళేవాడు. ఏం పని అంటే, "మొగాలు సూస్తన్నాను. లాంచీ ఎక్కినాక మనిషికి సెయ్యడానికి ఏటీ ఉండదు కదా వదినా, అప్పుడు మొగం దానంతటది ఉంటాది" అనేవాడు.

ఇక్కడిదాకా రాసి పొయ్యి దగ్గరికి పరుగెత్తాను. పాలు పొంగిపోయాయి. అతనుంటే దాన్ని కూడా తీసేవాడు, నన్ను తుడవనివ్వకుండా.

అతని మొదటి సినిమాలో కథానాయికని నేనే. నవ్వకండి. కథ ఏమిటంటే, ఒకామె బజారు నుంచి వచ్చి చేపలు కడుగుతుంది, రైలు వెళ్తుంది, తలెత్తి చూస్తుంది. అంతే. ఆ అంతే తీయడానికి ఆదివారం మొత్తం పట్టింది. రైలొచ్చినప్పుడు నేను తలెత్తితే అతనికి నచ్చదు, నచ్చేలా తలెత్తితే రైలుండదు. "ఇంకోపాలి వదినా." "నటించకు వదినా, నాకు తెలిసిపోతది. నువ్వు సేప కడుగు, అంతే." "కెమెరాకేసి సూడకు." నేను విసిగిపోయి చేప విసిరికొట్టాను. ఆ విసరడం మాత్రం చాలా బాగుందన్నాడు. చేపలు పాడైపోయి ఆ రోజు ఇంట్లో అందరం పప్పుతో తిన్నాం. మా ఆయన పళ్ళెం తీసుకుని గోడవైపు తిరిగి తినేసి లేచిపోయారు. ఆయన ఎప్పుడూ అలాగే తింటారు, గోడవైపు తిరిగి. దాని సంగతి తర్వాత చెప్తాను.

నా ఇంట్లో వస్తువులేవీ వాటి చోట ఉండేవి కావు. గాలి శబ్దం రాకుండా మైకుకి నా చలికాలపు మంకీ టోపీ తొడిగేవాడు. వెలుతురు మళ్ళించడానికి నా పెద్ద స్టీలు పళ్ళెం. తెర నా పెళ్ళినాటి దుప్పటి. కెమెరా కదులుతూ తీయాలంటే సామాన్లు మోసే సైకిలు వ్యాను వెనక కూర్చుని, తొక్కేవాణ్ణి మెల్లిగా, ఇంకా మెల్లిగా అని బెంగాలీలో బతిమాలేవాడు. నటులంతా మా సంఘంలోవాళ్ళే. పిల్లలకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. వాళ్ళ మాటలు బెంగాలీ అక్షరాల్లో రాసిచ్చేవాడు. ఆ కాగితాలు చూసి మా బెంగాలీ పక్కింటామె గడగడా చదివేసి, ఒక్క ముక్క అర్థంకాక తెల్లమొహం వేసింది.

ఎక్కడ నేర్చుకున్నాడు ఇదంతా అని అడిగితే చెప్పడం కష్టం. కలకత్తాలో ఏదో సినిమా సంఘం వాళ్ళు దేశదేశాల సినిమాలు వేసేవారట. షెడ్డు బట్టలతోనే వెళ్ళి ఆఖరి వరసలో కూర్చునేవాడు. ఇంటికొచ్చి నా వంటింట్లో గరిటె పట్టుకుని కథంతా చెప్పేవాడు. "ఏటీ జరగదు వదినా. ఒక ముసలోడు సొక్కాకి గుండీ కుట్టుకుంటాడు. సూదిలో దారం ఎక్కదు. అలా సూస్తానే ఉంటాం. నాను ఏడిసీసినాను." నాకు గుండీ కుట్టడం వచ్చు గనక అందులో ఏడవడానికేముందో అర్థమయ్యేది కాదు. కానీ అతని మొహం చూస్తే నాకూ ఏదో అయ్యేది, ఉల్లిపాయల మీదికి నెట్టేసేదాన్ని.

ఒక క్రిస్మసుకి, పిల్లల నాటిక అయ్యాక, సంఘం హాల్లో అతని సినిమా ఒకటి వేశారు. రైల్వే గేటు దగ్గర ఒకతను సైకిలుతో ఎదురుచూస్తుంటాడు. గేటు తెరుచుకోదు. జనం కూడా ఎదురుచూశారు పాపం, ఏదో జరుగుతుందని. ఈలోపు వెనకనుంచి బిర్యానీ వాసన వచ్చింది. గేటు తెరుచుకునేసరికి హాల్లో నేనూ, పాస్టరుగారూ, బెంచీ మీద నిద్రపోయిన ఎవరి పిల్లో మిగిలాం. మా ఆయన గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, "టీ తాగొస్తాను" అని వెళ్ళిపోయారు. తమ్ముడి సినిమా దేనికైనా ఆయన అంతే. నేను మరిదికి మొహం చూపించలేకపోయాను. అతనేమో దుప్పటి మడతపెడుతూ, "పాస్టరుగారు గేటు తెరిసీదాకా ఉన్నారు వదినా!" అని పొంగిపోతున్నాడు. తర్వాత గుమ్మంవైపు చూసి, "అన్న ఎంతవరకు సూసినాడు?" అని అడిగాడు.

అదే అతను అన్నిసార్లూ అడిగేది.

ఈ చిన్నవన్నీ ఒక ఎత్తు, షాలిమార్ సినిమా ఒక ఎత్తు. వాళ్ళ నాన్న మీద తీసిన సినిమా. ఏళ్ళ తరబడి తీశాడు. మా అత్తగారి వేషం నాది. ముతక చీర కట్టుకుని, సత్తు క్యారేజీ పట్టుకుని యార్డు పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో. మావగారి వీపు, చేతులు, పాదాలు ఎవరెవరో హమాలీలవి. బస్తా ఎత్తుతున్న భుజాలు, తలపాగా, నీళ్ళు తాగుతున్న గొంతు. అన్నీ కుదిరాయి. మొహం దగ్గరికొచ్చేసరికి సినిమా ఆగిపోయేది.

ఆ మొహం కోసం మా ఆయన్ని అడగడం అతని చేతిలోకి కెమెరా వచ్చిన ఏడాదే మొదలైంది. "అన్నా, ఒక్కపాలి. షాలిమార్ ఘాటుకాడ బల్ల ఉంది కదా, అయ్య బువ్వ తినీవోడని అమ్మ సెప్పీది. దాని మీద కూకో. తలకి గమ్ఛా తుండు కట్టు. నాకేసి సూడు. మాటాడక్కర్నేదు."

"నాను యేషాలు కట్టను. నీకు పని నేదేటి?" అని మా ఆయన గోడవైపు తిరిగేవారు.

అందరితోనూ కెమెరాకేసి చూడొద్దని కేకలేసేవాడు, అన్నని మాత్రం చూడమనేవాడు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. అప్పుడు వంకాయ కూర గిన్నెలోంచి తింటున్నాడు. తినడం ఆపి, "అయ్య నన్ను సూసినాడో నేదో నాకు తెల్దు కదా వదినా" అన్నాడు.

ఏళ్ళు గడిచేకొద్దీ అతని కాలు మరీ నిలవకుండా పోయింది. మా ఆయన మీసంలో మొదటి తెల్లవెంట్రుక నాకంటే ముందు అతనే చూశాడు. "అయ్య కంటే అన్న ముసలోడైపోతన్నాడు వదినా" అన్నాడు. అతని కంగారు నాకు అప్పుడు బోధపడింది. వాళ్ళ నాన్న ఒక వయసులో ఆగిపోయారు. మా ఆయన ఆగరు కదా. ప్రతి ఏడాదీ ఆ మొహం కొంచెం కొంచెం చేజారిపోతోంది. ఒకరోజు తలకి వేసుకునే నల్లరంగు సీసా కొనుక్కొచ్చి అద్దం ముందు పెట్టాడు, ఏమీ ఎరగనట్టు. మా ఆయన దాన్ని చూసి బయటికి నడిచారు. ఆ రంగు ఆఖరికి నా తలకి పట్టింది.

మా ఆయన మొండితనం ఎందుకో నాకు తెలుసు. మా అత్తగారు మంచంలో ఉన్న రోజుల్లో చెప్పారు. "పెద్దోడి మొగం సూస్తే ఆయనే కూకున్నట్టుండీది. సూడనేకపోయీదాన్నే అమ్మా. కంచంలో బువ్వెట్టీసి ఇటు తిరిగిపోయీదాన్ని." నాన్న పోయిన పిల్లాడు, అమ్మ తన మొహం చూడడం మానేసిందని కనిపెట్టాడు. అమ్మకి కష్టం కలక్కుండా తనే గోడవైపు తిరిగి తినడం నేర్చుకున్నాడు. ముసలివాడయ్యాడు, ఇంకా అలాగే తింటున్నాడు. తన మొహంకేసి ఎవరైనా తేరిపార చూస్తే ఆయనకి ఇప్పటికీ ఊపిరాడదు.

ఈ సంగతి మరిదికి నేనే చెప్పాను. అతని మోకాలు ఆడడం ఆగిపోయింది. నేనెరిగి అది ఆగడం ఆ ఒక్కసారే. కొన్నాళ్ళు అడగడం మానేశాడు. తర్వాత కిటికీలోంచి, తలుపు సందులోంచి అన్నని చాటుగా తీశాడు. ఒక సాయంత్రం నా ఎదురుగానే అవన్నీ చెరిపేశాడు. "దొంగతనంగా వొద్దు వదినా. అన్న ఇష్టమయి నాకేసి సూడాల. నేదంటే అది అయ్య సూసినట్టు కాదు" అన్నాడు. ఇలాంటి పట్టుదలల వల్లే అతని సినిమాలు పూర్తయ్యేవి కావు. నాకు తిక్కరేగి, "మీ అన్నదమ్ములిద్దరి మధ్యా నా బతుకు వడియాల పిండి అయిపోతోంది" అన్నాను. నవ్వాడు. అతని నవ్వు మీలో చాలామందికి తెలుసు. పెదవుల చివర్లు ముందు లేచేవి, తర్వాత మొహమంతా వాటి వెంట వెళ్ళేది.

పోవడానికి కొద్ది రోజుల ముందు డ్యూటీ దిగి వచ్చి, సంచీ భుజాన వేసుకోకుండా నా వంటింటి గడప మీద కూర్చున్నాడు. నాకు భయం వేసింది, ఒంట్లో బాగాలేదా అన్నాను. "గెడ్డం కూడా నెరిసిపోనాది అన్నకి. ఇంక మొగం నేకుండానే ముగించీనా వదినా?" అన్నాడు. అలసిపోయిన గొంతు. అంత అలసట అతని దగ్గర ఎప్పుడూ వినలేదు. ఆ పూటే మా ఆయన ముందు నిలబడి అడిగాను, ఆ పిల్లాడి కోసం ఒక్క మధ్యాహ్నం కూర్చుంటే మీ సొమ్మేం పోతుందని. పిల్లాడేమిటి, అతనికీ జుట్టు నెరిసింది. ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. తర్వాత, "సూద్దాం" అన్నారు.

మా ఆయన సూద్దాం అనడమంటే సగం ఒప్పుకున్నట్టే. మరిదికి చెప్తే వంటింట్లో రెండు చుట్లు తిరిగాడు. మబ్బు పట్టి ఉంది, ఎండ రానీ, ఎండొచ్చిన రోజు వెళ్దాం అన్నాడు. ఎండ వచ్చింది. ఆ పొద్దున్నే షెడ్డులో టీ తాగుతూ పోయాడు.

జ్ఞాపకార్థ కూడికకి పెద్ద ఫొటో కావాలని పాస్టరుగారు అడిగారు. ఎంత సేపు, ఇంటినిండా అతను తీసినవేగా అనుకున్నాం. బిస్కెట్ల డబ్బాలో దాచిన డిస్కులన్నీ తీసి, నేనూ మా ఆయనా పాత కంప్యూటరు ముందు కూర్చున్నాం. అందరూ ఉన్నారు. మీరున్నారు, నేనున్నాను, లాంచీలోవాళ్ళున్నారు, చెప్పులున్నాయి. అతను లేడు. గోడ మీద అతని నీడ ఉంది. బీరువా అద్దంలో కెమెరా ఉంది, దాని వెనక చెవి ముక్క. ఇంకోపాలి అనే గొంతుంది. మొహం మాత్రం ఎక్కడా లేదు. ఎప్పుడూ తీసేవాడే గానీ ఒక్కరోజైనా ఎవరైనా అతన్ని తీశారా? చివరికి దొరికింది రైల్వే గుర్తింపు కార్డు. అందులో పోలీసులు పట్టుకొచ్చినవాడిలా బిగుసుకుని ఉన్నాడు. కూడికలో అదే పెట్టాం.

ఫొటో దొరకలేదు గానీ, వెతకడానికి కూర్చున్న మా ఆయన లేవలేదు. తమ్ముడు తీసినవన్నీ మొదటిసారి ఆఖరిదాకా చూశారు. నేను వాళ్ళ అమ్మ వేషంలో క్యారేజీ పట్టుకుని నడుస్తుంటే కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఘాటు దగ్గర బల్ల వచ్చింది. ఖాళీ బల్ల. పొద్దుటి వెలుతురులో ఖాళీ బల్ల, వానలో ఖాళీ బల్ల, మంచులో, ఎండలో. ఎన్ని ఏళ్ళుగా తీశాడో. ప్రతిదాని చివరా కెమెరా వెనకనుంచి అతని గొంతు మెల్లిగా, "ఇక్కడ అన్న కూకుంటాడు" అని. మా ఆయన కంప్యూటరు కట్టేసి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డారు.

మర్నాడు అన్నం తిన్నాక లుంగీ కట్టుకుని, గమ్ఛా మడిచి భుజాన వేసుకున్నారు. "పద, షాలిమార్ ఎల్దాం. కెమెరా అట్టుకో" అన్నారు. నాకు దాన్ని పట్టుకోవడం రాదన్నాను. ఇన్నాళ్ళు ఎదురుగా నిల్చున్నావు కదా, ఇప్పుడు ఎనక నిల్చో అన్నారు. టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి వెళ్ళాం.

ఘాటు పక్క టీ దుకాణం అతను మా చేతిలో కెమెరా చూడగానే, ఎవరూ చెప్పకుండానే, బల్ల మీది గ్లాసులు తీసి కెటిల్ పక్కకి జరిపాడు. మా మరిది చేసిన అలవాటు. నన్ను గుర్తుపట్టి, "దాదా కోయ్?" అన్నాడు, దాదా ఎక్కడ అని. మా ఆయనే చెప్పారు, నేను వాడి అన్నని, వాడు లేడు, ఈరోజు నేను కూర్చుంటాను అని. ఆ మనిషి స్టవ్వు ఆపేశాడు, చప్పుడు కాకుండా.

మా ఆయన బల్ల మీద కూర్చున్నారు. గమ్ఛా తలకి చుట్టుకున్నారు. వెనక నది, మధ్యాహ్నపు ఎండ. ఆయన మొహం తిప్పుకోకుండా నేరుగా కెమెరాకేసి చూశారు. నేను కాపురానికి వచ్చింది మొదలు ఆ కళ్ళు ఎదురుగా అంతసేపు నిలవడం నేను చూడలేదు. ఊరికే కూర్చుంటారనుకున్నాను. ఆయన మాట్లాడారు, నాతో కాదు.

"సూడరా. ఈ నుదురు అయ్యదే." వేలు నుదుటి మీద పెట్టారు. "ముక్కూ అయ్యదే, కొంచిం ఒంకర అంతే. సెవులు ఇయ్యే. మీసం ఇలా తెల్లగా నేదు, నల్లగా, గుబురుగా ఉండీది. ఈ గాటు అయ్యకి నేదు, నాది, యార్డులో తగిల్నాది. దీన్ని ఒగ్గీ." వేలు ఒక్కోచోట ఆపుతూ, తమ్ముడికి కనబడిందో లేదో అన్నట్టు కాసేపు ఉంచుతూ, మొహమంతా చూపించారు. నోటి దగ్గరికొచ్చి ఆగిపోయారు.

"నవ్వు మాత్రం నాకాడ నేదురా," అన్నారు. "అది నీకొచ్చినాది. అయ్య నవ్వితే అచ్చు నువ్వే. ఈ మాట నీకు నాను ఒక్కనాడూ సెప్పనేదు."

చూపిద్దామని నవ్వబోయారు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. అప్పుడు రెండు చేతులూ ఎత్తి, చూపుడు వేళ్ళతో పెదవుల చివర్లు పైకి లాగి పట్టుకుని, "ఇలాగ" అన్నారు. కన్నీళ్ళు వేళ్ళ మీదుగా మీసంలోకి దిగుతున్నా చేతులు దించకుండా, అలాగే కెమెరాకేసి చూస్తూ కూర్చున్నారు.